కోడిపిల్లకు జబ్బు చేస్తే: మందు పేరుకన్నా ముందు వయసు

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వస్తాను. "పిల్లలు చచ్చిపోతున్నాయి, ఏ మందు వేయాలి?" అని ఎవరైనా అడిగితే, మందు పేరు చెప్పే ముందు తిరిగి అడగాల్సిన మాట ఒకటుంది: "వాటి వయసు ఎన్ని రోజులు?"

కోడిపిల్లల జబ్బులు చాలావరకు వయసు ప్రకారమే వస్తాయి. మూడో రోజు పిల్ల తూగుతూ నిలబడటానికి కారణం ఒకటి, ఇరవయ్యైదో రోజు పిల్ల అలాగే తూగడానికి కారణం ఇంకొకటి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. రెక్కలు వేలాడేసి, ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని నిలబడతాయి. జబ్బు చేసిన ఏ పిల్లయినా అలాగే ఉంటుంది కాబట్టి ఆ వాలకం చూసి మందు ఎంచుకోవడం కుదరదు. వయసు, రెట్ట, చనిపోయిన పిల్ల పొట్టలో కనిపించేది, ఈ మూడూ కలిస్తేనే జబ్బు పేరు తేలుతుంది. మందు సంగతి ఆ తరువాత.

మొదటి వారంతో మొదలుపెడదాం. ఈ వారంలో చనిపోయే పిల్లల్లో ఎక్కువ వాటిని మందు కాపాడలేదు. వాటికి కావలసింది వేడి, నీళ్లు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల బరువు సుమారు 35 నుంచి 42 గ్రాములు. కడుపులో మిగిలిన పచ్చసొన రెండు మూడు రోజులకు సరిపోతుంది. ఒంటి వేడిని తనంతట తాను నిలబెట్టుకునే శక్తి మాత్రం దానికి ఇంకా రాదు. అందుకే మొదటి వారం బ్రూడర్, అంటే పిల్లలకు వెచ్చదనమిచ్చే దీపం, కింద 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తరువాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ 21 దగ్గరికి తేవాలి. థర్మామీటరును గోడకు తగిలిస్తే అది గోడ వేడి చెబుతుంది. లిట్టర్, అంటే కింద పరిచిన పొట్టు, మీద నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తున, పిల్ల వీపు ఉండే చోట పెట్టి చూడాలి.

థర్మామీటరు లేకపోయినా పిల్లల్ని చూస్తే తెలుస్తుంది. దీపం కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి, గట్టిగా కీచుమంటుంటే చలి. దీపానికి దూరంగా అంచులకు జరిగి, నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైంది. అన్నీ ఒకే పక్కకు చేరితే రెండో పక్క నుంచి గాలి కొడుతోందని అర్థం. ఇదంతా పగలు చూసి ఊరుకోకండి. తెల్లవారుజామున, చలి ముదిరిన వేళ చూడండి. పగలంతా బాగున్న పిల్లలు పొద్దున్నే నాలుగైదు చచ్చి పడి ఉన్నాయంటే, మందుల పెట్టె తీయకముందు బ్రూడర్ దగ్గర తెల్లవారుజామున ఎంత వేడి ఉందో కనుక్కోవాలి.

చలి తగిలినా, వేడి ఎక్కువైనా, నీళ్లు అందకపోయినా మొదట కనిపించేది మలద్వారం దగ్గర రెట్ట గడ్డకట్టి అతుక్కోవడం. అది మూసుకుపోతే పిల్ల ఒకటి రెండు రోజుల్లో పోతుంది. చేత్తో పీకకండి, చర్మం ఊడి వస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో తడిపిన గుడ్డను రెండు నిమిషాలు దాని మీద ఆనించి ఉంచితే మెత్తబడి దానంతట అదే వస్తుంది. తరువాత పూర్తిగా ఆరబెట్టాలి. తడి పిల్లను బ్రూడర్‌లో వదిలితే మళ్లీ చలి పడుతుంది. ఆరాక కొద్దిగా పెట్రోలియం జెల్లీ రాస్తే మళ్లీ అంత తొందరగా అతుక్కోదు. ఒక జాగ్రత్త ఉంది. మలద్వారానికి కాస్త కింద, పొట్ట మీద బొడ్డు దగ్గర ఎండిన పొక్కు ఉంటుంది. దాన్నే రెట్ట అనుకుని లాగేస్తే పేగు బయటికొస్తుంది.

వంద పిల్లల్లో ఒకటి రెండింటికి ఇలా అయితే కడిగితే సరి. పది పదిహేనింటికి అయితే కడగడం ఒక్కటే చాలదు, వేడి సరిచేయాలి. అంటుకున్న రెట్ట సున్నంలా తెల్లగా ఉండి, పిల్లలు రెట్ట వేసేటప్పుడు అరుస్తూ, రెండు మూడు వారాల వయసు దాకా చావులు పెరుగుతూ పోతే తెల్లపారుడు అనుమానించాలి. సాల్మొనెల్లా పుల్లోరం అనే బాక్టీరియా వల్ల వస్తుంది. ముఖ్యంగా తల్లికోడి నుంచి గుడ్డు ద్వారా పిల్లకు చేరుతుంది. యాంటీబయాటిక్ ఇస్తే చావులు తగ్గవచ్చు గానీ, బతికిన పిల్ల జీవితాంతం ఆ క్రిమిని మోస్తుంది. రేపు దాని గుడ్ల ద్వారా మళ్లీ పంచుతుంది. అందుకే పరీక్షలో పుల్లోరం తేలితే మందు వేసి నిలుపుకోవడం తెలివైన పని కాదు. ఆ మందను తీసేయడమే దారి.

బొడ్డు జబ్బు కూడా ఈ వారానిదే. బొడ్డు సరిగా మూసుకోని పిల్లకు ఈ.కోలై వంటి బాక్టీరియా పచ్చసొన సంచిలోకి ఎక్కుతుంది. పొట్ట ఉబ్బి, మెత్తగా ఉండి, బొడ్డు ఎర్రగా తడిగా ఉంటుంది. దుర్వాసన వస్తుంది. చనిపోయిన పిల్లను కోసి చూస్తే సొన సంచి పెద్దగా, గోధుమ లేదా పచ్చరంగు నీళ్లతో ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలో అయిదారు రోజులకు అది చాలావరకు కరిగిపోయి ఉండాలి. దీనికి నిజంగా పనిచేసే చికిత్స లేదు. సొన సంచి లోపలికి మందు సరిగా చేరదు. యాంటీబయాటిక్ వేసి అయిదు రోజులు చూస్తే చావులు ఆగుతాయి, నిజమే. వేయకపోయినా వారానికి ఆగేవి, ఎందుకంటే చావాల్సినవి అప్పటికే చచ్చి ఉంటాయి. దీన్ని సరిచేయాల్సింది పొదిగే యంత్రం శుభ్రత దగ్గర, మురికి గుడ్లు పెట్టకపోవడం దగ్గర.

దూరం నుంచి తెచ్చిన పిల్లలు సోలిపోయి ఉంటే మొదటి పని నీళ్లు తాగించడమే. ముక్కును నీళ్లలో ఒకసారి ముంచి వదిలితే తాగడం నేర్చుకుంటాయి. నీళ్లు చల్లగా ఉండకూడదు. మనుషుల విరేచనాలకు ఇచ్చే లవణాల పొడిని ఆ పొట్లం మీద రాసిన కొలతకు కలపకండి, కోడిపిల్ల అంత ఉప్పు తట్టుకోలేదు. రెట్టింపు నీళ్లలో కలిపి, ఒక్క రోజు ఇచ్చి, తరువాత మామూలు నీళ్లకు మార్చాలి. నీరసంగా ఉన్నదాని ముక్కు పక్క నుంచి ఒక్కో చుక్క వదలండి. మింగిన తరువాతే రెండోది. నోరు తెరిచి సిరంజితో చిమ్మితే నీళ్లు గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జబ్బుతో చావని పిల్ల ఈ వైద్యంతో చస్తుంది.

కాళ్లు రెండు పక్కలకు చాచుకుపోయిన పిల్లలకు మందు వెతకకండి. కింద పరిచిన కాగితం జారడం వల్ల వచ్చే అవస్థ అది. గరుకుగా ఉండేది పరచండి. రెండు కాళ్లకు మధ్య రెండున్నర సెంటీమీటర్ల ఎడం ఉండేలా మెత్తటి పట్టీ కట్టి రెండు మూడు రోజులు ఉంచండి. మొదటి రెండు మూడు రోజుల్లో కడితేనే ఫలితం.

ఇక ఒకటి, రెండు వారాల మధ్య. నోరు తెరిచి, మెడ చాచి గాలి కోసం ఎగబీలుస్తున్నాయి, కానీ గురక శబ్దం లేదు. ఇది బ్రూడర్ న్యుమోనియా కావచ్చు. బూజు పట్టిన లిట్టర్ నుంచి, బూజు దాణా నుంచి లేచే ఆస్పర్జిల్లస్ బీజాలు ఊపిరితిత్తుల్లో చేరతాయి. కోసి చూస్తే ఊపిరితిత్తుల్లో, గాలి సంచుల్లో పసుపు తెలుపు గింజల్లాంటి గడ్డలు కనిపిస్తాయి. శ్వాస జబ్బు అనగానే చేయి యాంటీబయాటిక్ మీదికి పోతుంది. ఇక్కడ దానివల్ల ఏ లాభమూ లేదు, ఇది బూజు. ఆ లిట్టర్ మొత్తం ఎత్తి పారేసి, పొడిగా ఉన్నది పరిచి, గాలి ఆడేలా చేయడమే వైద్యం. బాగా సోకిన పిల్లలు ఎలాగూ మిగలవు.

ఈ వయసులోనే కాలివేళ్లు లోపలికి ముడుచుకుపోయి, మోకాటి కీలు మీద కూర్చుని నడిచే పిల్లలు కనిపిస్తాయి. ఇది రిబోఫ్లావిన్, అంటే బి2 విటమిన్ లోపం. త్వరగా గుర్తిస్తే బాగవుతుంది. ఒక్కో పిల్లకు రోజుకు 100 మైక్రోగ్రాముల చొప్పున వరుసగా రెండు రోజులు బి2 ఇచ్చి, దాణా సరిచేస్తే చాలు. ఆలస్యమైతే నరం దెబ్బతిని వేళ్లు అలాగే ఉండిపోతాయి. మెడ వెనక్కి వంగి, తల తిరిగిపోయి, పక్కకు పడిపోయి కాళ్లు కొట్టుకుంటే విటమిన్ ఇ లోపం గుర్తుకు రావాలి. సాధారణంగా రెండు నాలుగు వారాల మధ్య వస్తుంది. నూనె చేదెక్కిన పాత దాణాలో విటమిన్ ఇ మిగలదు. పిల్లకు ఒకసారి 300 యూనిట్లు నోటి ద్వారా ఇస్తే చాలాసార్లు కోలుకుంటుంది. అయితే తల తిప్పడం, వణకడం వైరస్ జబ్బుల్లోనూ ఉంటుంది. విటమిన్ వేసిన రెండు మూడు రోజుల్లో మార్పు లేకపోతే అదే సీసా పట్టుకుని కూర్చోకూడదు.

ఇప్పుడు మూడు నుంచి ఆరు వారాలు. మందు నిజంగా పనిచేసేది, సరైన మందు వేయకపోతే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. రక్తపారుడు, కాక్సిడియోసిస్.

ఐమీరియా అనే ఏకకణ జీవి పేగు గోడలో పెరుగుతుంది. రెట్టతో బయటపడిన దాని గుడ్లు తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లో సోకే స్థితికి వస్తాయి. పిల్ల వాటిని మింగితే లోపల చక్రం పూర్తవడానికి దాదాపు వారం పడుతుంది. అందుకే పది రోజుల లోపు పిల్లలో రక్తపారుడు అరుదు. ఒకటి రెండు చక్రాలు తిరిగి, లిట్టర్‌లో గుడ్లు లెక్కకు మించి పెరిగాకే మంద మీద పడుతుంది. డ్రింకర్ల, అంటే నీళ్లు తాగే తొట్ల, చుట్టూ తడిసి గడ్డకట్టిన లిట్టర్ ఉంటే ఈ జబ్బుకు కావలసినవన్నీ అక్కడే దొరుకుతాయి.

రక్తం కనిపించేదాకా ఆగకండి. రక్తం పడేది సోకిన నాలుగైదు రోజులకు. ఆ మరుసటి రోజే చావులు మొదలవుతాయి. అంతకు ముందే దాణా తినడం తగ్గుతుంది, పిల్లలు వేడి తక్కువగా లేకపోయినా ముడుచుకుంటాయి. దాణా రోజూ తూచి వేసేవారికి ఈ సంకేతం ఒకటి రెండు రోజుల ముందే అందుతుంది. అన్ని రకాల ఐమీరియాలూ రక్తం చూపించవు. ఐమీరియా టెనెల్లా గుడ్డి పేగుల్లో, అంటే పేగుకు పక్కన కొస మూసుకుని ఉండే రెండు గొట్టాల్లో, ఉంటుంది, కోసి చూస్తే అవి ఉబ్బి రక్తంతో నిండి ఉంటాయి. మిగతా కొన్ని రకాలు పలచటి, బంకలాంటి రెట్ట, ఎదగకపోవడం మాత్రమే చూపిస్తాయి.

రెట్టలో ఎరుపు కనబడిందల్లా జబ్బు కాదు. పేగు లోపలి పొర కొద్దిగా రాలితే నారింజ ఎరుపు పీచు కనిపిస్తుంది. గుడ్డి పేగుల రెట్ట రోజులో కొన్నిసార్లు ముదురు గోధుమ రంగులో, జారుగా, కంపుగా పడుతుంది. రెండూ మామూలే. పిల్లలు చురుగ్గా తిరుగుతూ తింటుంటే వాటిని చూసి మందు వేయక్కర్లేదు.

మందుల్లో ముందు చెప్పుకోవాల్సింది ఆంప్రోలియం. పిల్లల మీద విషప్రభావం చాలా తక్కువ. చికిత్స మోతాదు నీళ్లలో 0.012 నుంచి 0.024 శాతం, మూడు నుంచి అయిదు రోజులు. తరువాత 0.006 శాతం ఒకటి రెండు వారాలు. ఈ శాతాలు అసలు మందువి, పొట్లంలోని పొడివి కావు. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. పొట్లం మీద 20 శాతం అని ఉంటే, గ్రాము పొడిలో 200 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. 0.024 శాతం అంటే లీటరుకు 240 మిల్లీగ్రాములు. అంటే లీటరుకు 1.2 గ్రాముల పొడి. 0.012 కి 0.6 గ్రాము, 0.006 కి 0.3 గ్రాము. అదే 9.6 శాతం ద్రావణమైతే 0.024 కి లీటరుకు 2.5 మిల్లీలీటర్లు. చెంచాతో కొలవకండి, పొడి ఒత్తిడిని బట్టి చెంచా బరువు మారిపోతుంది. చిన్న తూనిక ఒకటి ఉంచుకోండి.

ఆంప్రోలియం ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఒక తప్పు తప్పుతుంది. అది బి1 విటమిన్‌లా నటించి, ఆ జీవికి నిజమైన బి1 అందకుండా చేస్తుంది. పిల్ల నీరసంగా ఉందని అదే రోజుల్లో బి కాంప్లెక్స్ కూడా నీళ్లలో పోస్తే, మందును మనమే చంపుకున్నట్టు. విటమిన్లు మందు కోర్సు ముగిశాక ఇవ్వండి. కోలుకునేటప్పుడు ఎ, కె విటమిన్లు ఉపయోగపడతాయి. ఎక్కువ మోతాదును వారాలు వారాలు సాగదీస్తే పిల్లకే బి1 లోపం వచ్చి తల ఆకాశానికి ఎత్తి చూస్తూ ఉండిపోతుంది.

ఆంప్రోలియం ముఖ్యంగా ఆ జీవి తొలి దశల మీద పనిచేస్తుంది. జబ్బు ముదిరి రక్తం పడుతుంటే టాల్ట్రాజురిల్ మేలు, అది పేగులో ఉన్న అన్ని దశల మీదా పనిచేస్తుంది. మోతాదు కిలో బరువుకు రోజుకు 7 మిల్లీగ్రాములు, వరుసగా రెండు రోజులు. 2.5 శాతం ద్రావణాన్ని లీటరుకు 1 మిల్లీలీటరు కలిపి 48 గంటలు ఇస్తే ఇది అందుతుంది. గుడ్లు పెట్టే కోళ్లకు వాడకూడదు.

సల్ఫా మందులూ పనిచేస్తాయి, కానీ నేను వాటిని చివరకు పెడతాను. ఎక్కువైతే రక్తస్రావం, మూత్రపిండాల దెబ్బ. నీళ్లు సరిగా తాగని పిల్లకు ఆ ముప్పు మరీ ఎక్కువ. అందుకే ఇస్తే మూడు రోజులు ఇచ్చి, రెండు రోజులు ఆపి, మళ్లీ మూడు రోజులు ఇచ్చే పద్ధతి పెట్టారు.

మందు వేసి లిట్టర్ వదిలేస్తే వారం తరువాత మళ్లీ అదే కథ. తడి చోట్లన్నీ తవ్వి తీసేయాలి, డ్రింకర్లు పిల్ల వీపు ఎత్తుకు లేపాలి. బ్లీచింగ్, మామూలు ఫినాయిల్ ఐమీరియా గుడ్లను చంపవు. ఆరబెట్టడం, ఎండ, వేడి, ఇవే వాటికి శత్రువులు.

రక్తపారుడు వెనకే ఇంకో జబ్బు వస్తుంది. దెబ్బతిన్న పేగులో క్లాస్ట్రీడియం పెరిగి పేగు కుళ్లుతుంది. ఉన్నట్టుండి చావులు, కోస్తే పేగు లోపల తువాలు గుడ్డలాంటి గరుకు పొర, దుర్వాసన. ఇది బాక్టీరియా, ఆంప్రోలియం దీన్ని తాకదు. అమాక్సిసిలిన్, టైలోసిన్, బాసిట్రాసిన్ లాంటివి పనిచేస్తాయి. ఆంప్రోలియం వేశాక రెండు రోజులు తగ్గినట్టుండి మళ్లీ చావులు పెరిగితే మందు మోతాదు పెంచే ముందు ఒక పిల్లను కోసి చూడండి.

ఇదే వయసులో గంబోరో వస్తుంది. తెల్లటి నీళ్ల విరేచనం, వణుకు, మలద్వారాన్ని తానే పొడుచుకోవడం. కోస్తే మలద్వారం పైన ఉండే బర్సా అనే గ్రంథి ఉబ్బి ఉంటుంది, తొడ కండరాల్లో రక్తపు చారలు ఉంటాయి. ఇది వైరస్, మందు లేదు. చావులు మూడు నాలుగు రోజులు పెరిగి, అయిదు నుంచి ఏడు రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. నాలుగో రోజున ఎవరు ఏ మందు వేసినా అది "పనిచేసినట్టే" కనబడుతుంది. మందులకు ఇంత తేలిగ్గా మంచి పేరు తెచ్చే జబ్బు మరొకటి లేదు. చేయాల్సింది వేడి ఒకటి రెండు డిగ్రీలు పెంచడం, నీళ్లు అందుబాటులో ఉంచడం. మూత్రపిండాలు అప్పటికే కష్టంలో ఉంటాయి కాబట్టి సల్ఫా మందులు అస్సలు వద్దు. కొక్కెర తెగులు, మారెక్స్, మశూచి, ఇవీ వైరస్‌లే. వీటికి టీకా ఒక్కటే, అదీ జబ్బు రాకముందు.

యాంటీబయాటిక్ ఎంపిక దగ్గరికి వద్దాం. రెండు ప్రశ్నలు వేసుకోండి. ఆ మందు ఆ క్రిమి మీద పనిచేస్తుందా? క్రిమి ఉన్న అవయవం దాకా మందు చేరుతుందా? రెండో ప్రశ్నను చాలామంది వేసుకోరు. నియోమైసిన్, కొలిస్టిన్ నోటి ద్వారా ఇస్తే పేగులోనే ఉండిపోతాయి, రక్తంలోకి దాదాపు ఎక్కవు. పేగులో ఈ.కోలై మీద పనిచేస్తాయి, గాలి సంచుల్లో అదే ఈ.కోలై ఉంటే ఆ మందు దాని దగ్గరికే పోదు. పైగా కొలిస్టిన్ మనుషులకు ఆఖరి ఆధారంగా దాచుకున్న మందు, దాన్ని కోళ్లకు వాడకూడదనే నా అభిప్రాయం.

మైకోప్లాస్మాకు కణ గోడ ఉండదు. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ దెబ్బ కొట్టేది కణ గోడనే. అందుకే సి.ఆర్.డి.లో, అంటే గురక, కంటి నురుగు, ముక్కు కారడం ఉన్న దీర్ఘ శ్వాస జబ్బులో, అమాక్సిసిలిన్ ఎంత పోసినా లాభం లేదు. టైలోసిన్ లీటరుకు 0.5 గ్రాము అసలు మందు, మూడు నుంచి అయిదు రోజులు, లేదా డాక్సీసైక్లిన్ కిలో బరువుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు. టైలోసిన్ ఈ.కోలై మీద పనిచేయదు. గుండె, కాలేయం మీద తెల్లటి పొర కనిపిస్తే రెండూ కలిసి ఉన్నాయని అర్థం, అప్పుడు మందు మార్చాలి. ఏది పనిచేస్తుందో ల్యాబులో కల్చర్ పెడితేనే, అంటే ఆ క్రిమిని పెంచి మందులతో పరీక్షిస్తేనే, ఖాయంగా తెలుస్తుంది.

ఫ్యూరజోలిడోన్, క్లోరాంఫెనికాల్ అని పాత సలహాల్లో ఇంకా వినబడుతుంటాయి. మనం ఆహారంగా తినే జంతువులకు వాటిని చాలా దేశాల్లో నిషేధించారు. వాటి జోలికి పోవద్దు.

మోతాదు లెక్క ఒక్కసారి చేసి చూద్దాం. మూడు వారాల పిల్లలు 100, ఒక్కోటి 200 గ్రాములు. పదింటిని తూచి సగటు తీయండి, కంటి అంచనా వద్దు. మొత్తం 20 కిలోలు. టాల్ట్రాజురిల్ కిలోకు 7 మిల్లీగ్రాములు అంటే 140 మిల్లీగ్రాములు. 2.5 శాతం ద్రావణంలో మిల్లీలీటరుకు 25 ఉంటుంది, కాబట్టి రోజుకు 5.6 మిల్లీలీటర్లు. అవి రోజుకు 5 లీటర్లు తాగుతుంటే లీటరుకు ఒకటి అన్న లెక్క దాదాపు సరిపోయింది. ఎండ ముదిరి 9 లీటర్లు తాగితే అదే లీటరు లెక్కన 9 మిల్లీలీటర్లు లోపలికి పోతుంది. జబ్బు వల్ల 3 లీటర్లే తాగితే సగం మోతాదే అందుతుంది. అందుకే నిన్న ఎన్ని లీటర్లు తాగాయో కొలిచి, ఈరోజు మందును ఆ నీళ్లలో సర్దాలి. జబ్బు పిల్ల దాణా మానేస్తుంది గానీ నీళ్లు కొంతైనా తాగుతుంది. నీళ్ల మందు దాణా మందుకన్నా మేలు అనడం అందుకే.

కలపడంలో అయిదు సంగతులు. మందును ముందు కొద్ది నీళ్లలో పూర్తిగా కరిగించి తరువాత మిగతా నీళ్లు పోయాలి. రేకు తొట్టెలు వద్దు, ప్లాస్టిక్ వాడండి. టెట్రాసైక్లిన్ రకం మందులు సున్నం ఎక్కువున్న కఠిన జలంలో కాల్షియంతో అతుక్కుని పనికిరాకుండా పోతాయి. డాక్సీసైక్లిన్‌కూ కొంత ఆ బాధ ఉంది. అమాక్సిసిలిన్ నీళ్లలో ఎక్కువసేపు నిలవదు, పన్నెండు గంటలకోసారి కొత్తగా కలపాలి. మందు నీళ్లు పెట్టినన్నాళ్లూ వేరే నీళ్లు అందకూడదు.

ఇక మీ ప్రశ్నలు.

సభ నుంచి: మనుషుల డాక్సీసైక్లిన్ క్యాప్సూల్ విప్పి ఇవ్వొచ్చా?

లెక్క చూడండి. 40 గ్రాముల పిల్లకు కిలోకు 20 మిల్లీగ్రాముల చొప్పున 0.8 మిల్లీగ్రాము చాలు. 100 మిల్లీగ్రాముల క్యాప్సూల్ అంటే 125 మోతాదులు. వేలితో చిటికెడు తీసి వేస్తే అయిదు పది రెట్లు పడిపోతుంది. మొత్తం మందకు నీళ్లలో కలపాలన్నా, పిల్లల మొత్తం బరువు తూచాకే. ఒక్క పిల్లకైతే ఆ పని చేయకండి.

సభ నుంచి: రెండు మందులు కలిపితే త్వరగా తగ్గదా?

కొన్ని కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. దాణాలో మొనెన్సిన్ గానీ, సాలినోమైసిన్ గానీ ఉందనుకోండి, రక్తపారుడు రాకుండా చాలా దాణాల్లో వేస్తారు. ఆ సమయంలో నీళ్లలో టయామ్యులిన్ అనే యాంటీబయాటిక్ పోస్తే, మొనెన్సిన్ శరీరంలోంచి పోకుండా పేరుకుని పిల్లలు కాళ్లు పడిపోయి చస్తాయి. అందుకే ఏ మందు కొనే ముందైనా దాణా సంచి మీద ఏం కలిపారో చదవాలి. ఇంకోటి, కాక్సిడియోసిస్ టీకా వేసిన పిల్లలకు ఆంప్రోలియం కలిపిన దాణా పెట్టకూడదు. టీకాలోని జీవులు పేగులో కొంచెం పెరిగితేనే రోగనిరోధక శక్తి వస్తుంది, మందు వాటిని ఆపేస్తుంది.

సభ నుంచి: పిల్లలు వచ్చిన రోజు నుంచే ముందు జాగ్రత్తగా యాంటీబయాటిక్ వేస్తే?

వద్దు. పిల్ల పేగులో మంచి బాక్టీరియా చేరేది ఆ రోజుల్లోనే. వాటిని చంపేస్తే సాల్మొనెల్లాకు చోటు ఖాళీ చేసి ఇచ్చినట్టు. మందలో ఉన్న క్రిములు ఆ మందుకు లొంగకుండా తయారవుతాయి, నిజంగా అవసరమైన రోజు చేతిలో మందు ఉండదు.

సభ నుంచి: మందు మార్చాలని ఎప్పుడు తెలుస్తుంది?

చావుల లెక్క రోజూ రాయండి. సరైన మందు అయితే రెండు మూడు రోజుల్లో కొత్తగా పడే పిల్లలు తగ్గాలి. తగ్గకపోతే మోతాదు, నీళ్లు, చివరగా జబ్బు పేరు, ఈ వరుసలో అనుమానించండి. తగ్గిందని మూడో రోజే ఆపేయకండి, చెప్పిన రోజులు పూర్తి చేయాలి. ల్యాబుకు పంపాలంటే మందు వేయకముందు జబ్బుతో ఉన్న మూడు నాలుగు పిల్లల్ని బతికుండగా పంపడం మంచిది. చనిపోయినవైతే వెంటనే మంచు మీద చల్లగా పెట్టి పంపండి, గడ్డకట్టించకండి. గడ్డకడితే కణజాలం పరీక్షకు పనికిరాదు. ఒక్క రోజులోనే మందలో ఎక్కువ భాగం ఉన్నట్టుండి చచ్చిపోతే మాత్రం కోయకండి, ముట్టుకోకండి. బర్డ్ ఫ్లూ కావచ్చు. పశువైద్య శాఖకు చెప్పి, షెడ్డులోకి ఎవరూ రాకుండా చూడండి.

సభ నుంచి: మందు వేసిన పిల్లలు పెరిగాక మాంసం తినొచ్చా?

ప్రతి మందుకూ ఆపాక ఎన్ని రోజులు ఆగాలో సీసా మీద రాసి ఉంటుంది, ఒక్కో మందుకు ఒక్కో గడువు. మందు వేసిన తేదీ, ఆపిన తేదీ, మోతాదు, మూడూ పుస్తకంలో రాయండి. మందు వేసిన మందను వేయని దానితో కలిపితే ఆ లెక్క చెడుతుంది, గడువు తీరేదాకా విడిగానే ఉంచండి.